పాత జపాన్ బొమ్మ కార్లకు రంగు పూయమని చెప్పకండి

సంపాదకులు గారికి నమస్కారం.

దసరా బొమ్మల కొలువు మీద మీ జిల్లా అనుబంధంలో పోయిన వారం అర పేజీ వ్యాసం వేశారు. మెట్లు ఎలా కట్టాలి, మరపాచి చెక్క బొమ్మలకు చీర ఎలా చుట్టాలి, కింది మెట్టు దగ్గర ఊరు, చెరువు, రోడ్డు ఎలా తయారుచేయాలి, అన్నీ బాగా రాశారు. మా ఇంట్లో ఆడవాళ్లు ఆ పేజీ కత్తిరించి దాచుకున్నారు కూడా. అయితే చివర్లో ఒక చిట్కా ఇచ్చారు. అటక మీద పడి ఉన్న పాత హాట్‌వీల్స్ కార్లను చింతపండు నీళ్లతో తోమి, బంగారు రంగో వెండి రంగో స్ప్రే కొడితే కొలువు రోడ్డు మీద ధగధగలాడతాయని. పక్కనే రంగు కొట్టకముందు తీసిన ఫొటో వేశారు. అందులో పక్కకు ఒరిగి ఉన్న కారు అడుగు భాగం స్పష్టంగానే కనిపిస్తోంది. అది హాట్‌వీల్స్ కాదు, జపాన్‌లో పోత పోసిన టోమికా అనే రకం బొమ్మ కారు. మీ చిట్కా పాటిస్తే అలాంటి కారు ఒక్క పూటలో పాడైపోతుంది. నవరాత్రులు ఇంకా మొదలు కాలేదు కాబట్టి, ఆ చిట్కాను వెనక్కి తీసుకుని నాలుగు వాక్యాలు వేయమని అడగడానికే ఈ ఉత్తరం.

ఈ మాట చెప్పడానికి నేనెవరంటారేమో. మాది పూతలపట్టు దగ్గర పల్లె. ఐటీఐ చదివి మద్రాసు అంబత్తూరు ఎస్టేట్‌లో ప్రెజర్ డై కాస్టింగ్ షాపులో, అంటే కరిగిన లోహాన్ని డై అనే ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో తోసి ముక్కలు పోసే చోట, చేరి, రిటైరయ్యేదాకా అదే పని చేశాను. కార్బొరేటర్ బాడీలు, తాళాల భాగాలు, డోర్ హ్యాండిళ్లు, ఇవన్నీ మా చేతుల మీదుగా పోయేవి. పోత పని చేసినవాడికి ఎక్కడైనా బాగా పోసిన ముక్క కనిపిస్తే చెయ్యి ఆగదు, తీసి తిప్పి చూడాల్సిందే. మద్రాసు బర్మా బజారులో ఒక బండి మీద రేడియోల పక్కన చిన్న ఫైరింజన్ కనిపించినప్పుడు నేను చేసిందీ అదే. దాని అడుగున అక్షరాలు ఎంత చిన్నవో, ఎంత తేటగా ఉన్నాయో చూసి, ఈ డై చెక్కినవాడెవడో గానీ మహా పనివాడు అనుకున్నాను. అప్పటి నుంచి జపాన్ కార్లు పోగుచేస్తున్నాను. పెద్ద ధర పెట్టి కొన్నవి తక్కువ. బంధువుల ఇళ్లలో, గుజరీ అంగళ్లలో, ఇల్లు ఖాళీ చేసేవాళ్ల దగ్గర దొరికినవే ఎక్కువ.

ముందు పేరు సంగతి. చిన్న లోహపు కారు ఏది కనిపించినా హాట్‌వీల్స్ అనడం మనకు అలవాటైపోయింది. హాట్‌వీల్స్ అమెరికాలో మాటెల్ కంపెనీ 1968లో మొదలుపెట్టింది. అంతకంటే ముందు, 1953లో, ఇంగ్లండులో లెస్నీ కంపెనీ మ్యాచ్‌బాక్స్ కార్లు తెచ్చింది. జపాన్ వాళ్ల దారి వేరు. యుద్ధంలో ఓడిపోయిన 1945లోనే, అమెరికా సైన్యం వాడి పారేసిన డబ్బాల రేకుతో కొసుగె అనే ఆయన ఒత్సు ఊళ్లో జీపు బొమ్మలు చేయిస్తే, అవి క్యోటోలో అమ్ముడుపోయాయి. అలా రేకు బొమ్మలతో నిలదొక్కుకున్న పరిశ్రమ అది. 1959లో అసాహి టాయ్ కంపెనీ మోడల్ పెట్ అనే పేరుతో పోత కార్లు మొదలుపెట్టింది. మొదటి నంబరు టోయోపెట్ క్రౌన్. తర్వాత యొనెజావా వాళ్ల డయాపెట్ వచ్చింది. ఇవి కాస్త పెద్ద కార్లు, అరచేతి నిండా ఉంటాయి.

1970లో టోమీ కంపెనీ టోమికా తెచ్చింది. టోమియామా ఎయిచిరో అనే ఆయన 1924లో పెట్టిన కంపెనీ అది. అప్పటిదాకా జపాన్ పిల్లలు చిన్న సైజు కార్లంటే విదేశీ కార్ల బొమ్మలతోనే ఆడుకునేవాళ్లు. తమ వీధిలో తిరిగే కారు తమ చేతిలో ఉండాలన్నది టోమీ ఆలోచన. మొదటి విడతలో ఆరు కార్లు. బ్లూబర్డ్ ఎస్సెస్సెస్ కూపే, కరోనా మార్క్ టూ, క్రౌన్ సూపర్ డీలక్స్, క్రౌన్ పోలీసు కారు, టొయోటా 2000 జీటీ, ఫెయిర్‌లేడీ జెడ్ 432. ఒక్కోటి 180 యెన్లు. అందరికీ తెలియని కిటుకు ఒకటుంది. టోమికాలన్నీ ఒకే స్కేలులో ఉండవు. అన్నీ ఒకే సైజు అట్టపెట్టెలో పట్టాలి కాబట్టి కారును సుమారు 60వ వంతుకు తగ్గిస్తే, బస్సును ఇంకా బాగా తగ్గిస్తారు. అందుకే ఒక్కో బండి అడుగున దాని స్కేలు వేరేగా అచ్చయి ఉంటుంది. నంబరు మాత్రం నమ్మడానికి లేదు. పాత మోడలు ఆపేస్తే అదే నంబరును కొత్త మోడలుకు ఇచ్చేస్తారు. నాలుగో నంబరు అని ఎవరైనా ఫోన్లో చెబితే అది ఏ కారో చెప్పలేం, తిప్పి పేరు చదవాల్సిందే.

ఆ తిప్పి చదివే చోటునే మీ స్ప్రే పూడ్చేస్తుంది.

నా దగ్గరున్న క్రౌన్ పోలీసు కారు ఇప్పుడు ఈ కాగితం పక్కనే ఉంది. పైన రంగు అంచుల్లో లేచిపోయి, మూలల్లో బూడిద రంగు లోహం కనిపిస్తోంది. పిల్లలు ఏ మూల నేలకేసి తోసేవాళ్లో ఆ మూలే ఎక్కువ అరిగింది. అడుగున కంపెనీ పేరు, నంబరు, బండి పేరు, స్కేలు, మేడ్ ఇన్ జపాన్, ఇన్నీ బొటనవేలంత చోటులో ఉన్నాయి. ముందూ వెనకా రెండు రివెట్లు. అవి విడిగా కొట్టిన మేకులు కావు. పై బాడీతో పాటే పోసిన చిన్న కమ్ములు అడుగు రేకు రంధ్రంలోంచి బయటికి వస్తే, వాటి తలను నలగ్గొట్టి పరిచేస్తారు. ఒకసారి పరిచాక మళ్లీ విప్పడానికి లేదు, డ్రిల్లు పెట్టి తొలిచేయాల్సిందే. కాబట్టి రివెట్టు తల ఎలా ఉందో చూస్తే కారును ఎవరైనా విప్పారా లేదా తెలిసిపోతుంది. లోపలి వైపు, ముక్కను డై నుంచి బయటికి తోసే పిన్నుల గుండ్రటి మచ్చలుంటాయి. రెండు డై ముక్కలు కలిసిన చోట వెంట్రుకంత గీత బాడీ చుట్టూ పోతుంది, దాన్ని పార్టింగ్ లైను అంటారు. డై కొత్తగా ఉన్నప్పుడు పోసిన ముక్కలో ఆ గీత సన్నగా ఉంటుంది. వేలసార్లు లోహం పోశాక డై అంచులు అరిగి గీత లావెక్కుతుంది, అక్షరాలు మొద్దుబారతాయి. ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. మా షాపులో రోజూ చూసిన పని ఇదే.

ఆ పని ఎలా జరుగుతుందో తెలిస్తే మీ పాఠకులు కూడా రంగు డబ్బా పక్కన పెడతారని నా నమ్మకం. ఈ కార్లు ఇనుము కాదు, సత్తు కాదు. జింకులో నూటికి నాలుగు వంతుల చొప్పున అల్యూమినియం, కొద్దిగా మెగ్నీషియం, కొన్నిటిలో కాస్త రాగి కలిపిన లోహం. జమాక్ అంటారు. 385 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. మురుకుల గొట్టంలో పిండిని నొక్కినట్టు, కరిగిన లోహాన్ని పిస్టన్‌తో ఉక్కు డై లోపలికి తోస్తారు. రెప్పపాటులో గడ్డకడుతుంది. డై తెరుచుకుంటుంది, పిన్నులు ముక్కను బయటికి తోస్తాయి, అంచుల్లో ఫ్లాష్‌గా మిగిలిన అదనపు లోహం తీసేస్తారు. తర్వాత రంగు వేసి ఓవెన్లో ఆరబెడతారు. ఆ రంగు ఎంత పలచనంటే దాని కింద తలుపు గీతలు, కిటికీ అంచులు, గ్రిల్లులో ఒక్కో గాడి కూడా దాగవు. మన బజారులో దొరికే స్ప్రే డబ్బాతో కొడితే ఆ గాళ్లన్నీ పూడిపోతాయి. డై చెక్కినవాడు వారాల తరబడి పడిన కష్టం రెండు నిమిషాల్లో కనిపించకుండా పోతుంది.

లోహంలో కల్తీ ఉంటే ఏమవుతుందో కూడా చెప్పాలి. జింకులో సీసం కొంచెం కలిసినా చాలు, ఏళ్లు గడిచాక లోపలి నుంచి పగుళ్లు పుట్టి, బాడీ ఉబ్బి, పొడిపొడిగా రాలిపోతుంది. తేమ ఉంటే ఇంకా త్వరగా. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు చేసిన బొమ్మలు చాలా అలాగే పోయాయి. టోమికాలు నిలబడ్డాయంటే శుద్ధమైన జింకు వాడడం ఒక కారణం. అలా యాభై ఏళ్లు నిలిచిన దాన్ని మనం చింతపండుతో పాడుచేస్తామా?

చింతపండు గురించి ఇంకో మాట. ఇత్తడి చెంబుకు అది మంచిదే. జింకుకు మాత్రం పులుపు పనికిరాదు. రంగు లేచిన చోటల్లా లోహాన్ని తినేస్తుంది, నల్లటి మచ్చ పడుతుంది, అది మళ్లీ పోదు. ముందు గ్రిల్లు, బంపరు మెరిసేది ప్లాస్టిక్ మీద పట్టించిన అతి పలచటి పూత వల్ల. తోమితే అది కాస్తా ఊడి కింద తెల్ల ప్లాస్టిక్ బయటపడుతుంది. నిమ్మకాయ, గిన్నెల పౌడరు, పీచు కూడా వద్దు. మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపి, అవసరమైతే తడి పిండేసిన గుడ్డతో అద్ది, వెంటనే ఆరనిస్తే చాలు. స్టిక్కర్లు ఉన్న కారుకు ఆ తడి గుడ్డ కూడా వద్దు.

మీ వ్యాసం వచ్చిన రెండు రోజులకే మా వీధిలో ఒక ఇంటికి పిలిచారు. వాళ్ల తాతగారు కువైట్‌లో పనిచేసి వచ్చినప్పుడు తెచ్చిన డయాపెట్ కారు ఒకటి ఆ ఇంట్లో ఉందని నాకు తెలుసు. తలుపులు తెరుచుకునేవి, లోపల సీట్లు, స్టీరింగు కనిపించేవి. మనవడు దానికి వెండి రంగు కొట్టి ఎండలో పెట్టాడు. తలుపులు అతుక్కుపోయాయి. రంగులోని థిన్నరు తగిలి కిటికీ ప్లాస్టిక్ మసకబారింది. చక్రాలు తిరగడం లేదు. అడుగున అక్షరాలు చేత్తో తడిమితే తెలుస్తున్నాయి గానీ చదవడానికి రావడం లేదు. "పేపర్లో ఇలాగే చెయ్యమని రాశారు కదా మామా" అన్నాడు ఆ పిల్లవాడు. వాడి తప్పేముంది? పేపర్లో వచ్చిందంటే నిజమేనని మనమే కదా నేర్పింది. ఇప్పుడు ఆ వెండి రంగు తీయడానికి మందు పూస్తే దాని కింద ఉన్న అసలు రంగు కూడా లేచిపోతుంది. తాతగారు గోడకు జారబడి కూర్చుని ఒక్క మాటా మాట్లాడలేదు. నాకు ఆ రోజంతా మనసు బాగాలేదు.

మన వైపు ఇళ్లలో ఇలాంటివి ఉంటాయా అని మీకు అనుమానం రావచ్చు. ఖచ్చితంగా ఉంటాయి. పీలేరు, రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్‌కు పోయినవాళ్లు ఎంతమందో మీ విలేకరులకే బాగా తెలుసు. సెలవుకు వస్తూ దుప్పట్లు, సెంటు సీసాలు, టేప్ రికార్డర్లతో పాటు పిల్లలకు ఒక కారు పెట్టెలో పెట్టుకొచ్చేవాళ్లు. చిత్తూరు, తిరుపతి నుంచి మద్రాసు బస్సు ఎక్కితే పూటలో పోయి రావచ్చు కాబట్టి బర్మా బజారు సరుకు కూడా మనకు బాగానే వచ్చింది. ఆ కార్లతో ఆడుకున్న పిల్లలు ఇప్పుడు యాభై దాటారు. కార్లు మాత్రం కొలువు పెట్టెలోనే ఉన్నాయి. ఏడాదికోసారి దసరాకు బయటికొస్తాయి. అందుకే మీ వ్యాసం నన్ను ఇంత కంగారు పెట్టింది. ఏ కొలువు వల్ల ఆ కార్లు ఇన్నేళ్లు గుజరీ అంగడికి పోకుండా మిగిలాయో, ఆ కొలువు కోసమే వాటిని పాడుచేయమన్నట్టయింది.

ఆ కొలువు పెట్టెలోనూ ఒక ప్రమాదం ఉంది. బొమ్మలను పాత పంచె గుడ్డల్లో చుట్టి, పురుగు పట్టకుండా కలరా ఉండలు వేస్తాం. మట్టి బొమ్మలకూ చెక్క బొమ్మలకూ పర్వాలేదు. ఈ కార్ల కిటికీలు, సీట్లు ప్లాస్టిక్. కలరా ఉండల ఆవిరికి కొన్ని రకాల ప్లాస్టిక్ మెత్తబడి, జిగటగా మారి, గుడ్డ నేత అచ్చు దాని మీద పడిపోతుంది. నేను అలాంటి కారు ఒకటి తిరుపతి కొర్లగుంటలో ఒక ఇంట్లో చూశాను. కిటికీ నిండా పంచె నేత గళ్లు. కాబట్టి కార్లను వేరే డబ్బాలో పెట్టుకోండి. మందు సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు వేస్తే నవంబరు వానలకు తేమ పట్టదు. రబ్బరు టైర్లున్న పెద్ద కార్లను ప్లాస్టిక్ మీద నేరుగా ఆనించకుండా కింద కాగితం పరవండి. విరిగిన ముక్కను ఫెవిక్విక్‌తో అతికిస్తే దాని ఆవిరికి కిటికీ అద్దం తెల్లగా మసకబారుతుంది, అదీ వద్దు. ముక్క ఊడితే పొట్లం కట్టి కారుతో పాటే దాచండి, చాలు. అట్టపెట్టె ఉంటే దాన్ని అస్సలు పారేయకండి. టోమికా మొదట్లో నల్ల పెట్టెలో వచ్చేది, తర్వాత ఎరుపు తెలుపు పెట్టె. 1976లో విదేశీ కార్ల వరుస మొదలైనప్పుడు వాటికి నీలం పెట్టె ఇచ్చారు. కారు ఏ కాలానిదో చెప్పడానికి పెట్టె పెద్ద సాక్ష్యం. 1990ల్లో తయారీ చైనాకు, ఆ తర్వాత వియత్నాంకు మారింది. అందుకే పోగుచేసేవాళ్లు మేడ్ ఇన్ జపాన్ అన్న మాట కోసం అంత వెతుకుతారు.

పిల్లల చేతికి ఇవ్వొచ్చా అని చాలామంది అడుగుతారు. పెద్ద పిల్లలు జాగ్రత్తగా పట్టుకుని చూడొచ్చు. నోట్లో పెట్టుకునే వయసువాళ్లకు వద్దు, పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. మన దేశంలో బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది 2021 జనవరి 1 నుంచి. ఈ కార్లు దానికి ఎంతో ముందువి. ఇంట్లో మిగిలిన పాత ఎనామిల్ పెయింటు పూయడం కూడా అందుకే మంచిది కాదు.

ధర గురించి ఒక్క మాట. ఈ ఉత్తరం చదివి ఎవరూ లక్షలు వస్తాయని ఆశపడొద్దు. బాగా ఆడి అరిగిన కారుకు పెద్దగా ఏమీ రాదు. నేను దాచమంటున్నది డబ్బు కోసం కాదు.

దేనికోసమంటే, ఇవి మన రోడ్ల కథ కూడా చెబుతాయి. నా దగ్గర ఇసుజు ఎల్ఫ్ అనే చిన్న లారీ ఉంది. అలాంటి జపాన్ రకం చిన్న లారీలు మన దగ్గరికి వచ్చింది 1980ల్లో. డీసీఎం టొయోటా, స్వరాజ్ మాజ్డా, ఐషర్ మిత్సుబిషి, మన జహీరాబాద్‌లో చేసిన ఆల్విన్ నిస్సాన్. మదనపల్లె టమోటా, మన తోతాపురి మామిడి వాటిలోనే ఎక్కి పోయేవి. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 కూడా సుజుకి కారే. ఇప్పుడు తిరుపతి జిల్లా శ్రీసిటీలో 2016 నుంచి ఇసుజు వాళ్లే పికప్ బండ్లు చేస్తున్నారు. మన పిల్లలు ఐటీఐ చదివి అలాంటి ఫ్యాక్టరీల్లో పనికి పోతున్నారు. వాళ్లలో ఎవరికైనా ఈ బుల్లి లారీ తిప్పి చూపించి, పార్టింగ్ లైను ఇదిగో, పిన్ను మచ్చలు ఇవిగో అని చెబితే క్లాసులో బోర్డు మీద అర్థం కానిది చేతిలో అర్థమవుతుంది. మా అక్క మనవడికి నేను డై కాస్టింగ్ అలాగే నేర్పాను. వాడు ఇప్పుడు టూల్ అండ్ డై చదువుతున్నాడు. రంగు పూసిన కారుతో ఆ పాఠం చెప్పడం కుదరదు.

తిరుపతి అలిపిరి రోడ్డులోని ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం వాళ్లు ఒక చిన్న అద్దాల పెట్టెలో ఇలాంటి కార్లు నాలుగైదు, అడుగు భాగం కనిపించేలా, పక్కన ఒక పాత డై ముక్కతో పెడితే బాగుంటుందని ఎప్పటి నుంచో అనుకుంటున్నాను. వాళ్లు ఒప్పుకుంటే నా కార్లు ఇవ్వడానికి సిద్ధం. మీ పత్రిక ద్వారా ఆ మాట వాళ్ల చెవిన పడితే సంతోషం.

ఇక మీరు ప్రకటించిన కొలువు పోటీ. 'పాత బొమ్మలకు కొత్త రంగు' అనే విభాగం పెట్టి బహుమతి ఇస్తామన్నారు. మట్టి బొమ్మలు, కాగితపు గుజ్జు బొమ్మలకు ఆ విభాగం ఉండనివ్వండి, వాటికి రంగు దిద్దడం మన ఇళ్లలో ఎప్పుడూ ఉన్నదే. లోహపు కార్లను, రేకు బొమ్మలను మాత్రం అందులోంచి తీసేయండి. వాటి స్థానంలో, ఎవరి ఇంట్లో బొమ్మ ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు తెచ్చారు, అడుగున ఏం రాసి ఉంది అని ఒక చీటీ రాసి పక్కన పెట్టినవాళ్లకు బహుమతి ఇవ్వండి. పోటీ గడువు దగ్గర పడుతోంది కాబట్టి సవరణ ఈ ఆదివారం అనుబంధంలోనే, చిట్కా వేసిన పేజీలోనే, కనిపించే అక్షరాల్లో వేయండి. కారు ఏదో తెలియక ఎవరైనా మీ కార్యాలయానికి ఫొటో పంపితే నాకు చేరవేయండి. అడుగు భాగం ఫొటో తప్పకుండా ఉండాలని వాళ్లకు చెప్పండి. చూసి రాసి పంపుతాను.

ఇట్లు,
రిటైర్డ్ డై కాస్టింగ్ కార్మికుడు,
మిట్టూరు, చిత్తూరు.